ఏటిని కొలిచినవారి బాధ్యత
(లూనా లియోపోల్డ్ స్మృతిలో చేసిన ఉపన్యాసం)



పర్యావరణ ప్రభావ మదింపు అనే పాఠం చదివిన సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థికి లియోపోల్డ్ పేరు కొత్త కాదు. 'లియోపోల్డ్ మాట్రిక్స్‌ను వివరించండి' అన్నది పరీక్షల్లో తరచుగా కనిపించే ప్రశ్న. ఆ పట్టిక తయారుచేసిన మనిషి అంతకు ముందు ఇరవై ఏళ్లు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఏరుల వెడల్పు, లోతు, వేగం కొలిచారన్న సంగతి మాత్రం ఆ జవాబులో ఉండదు. పట్టికను, ఆ కొలతలను విడదీసి చూస్తే ఆయన మనకు అర్థం కారు. ఆ రెంటినీ కలిపి చూడడమే ఈ ఉపన్యాసంలో నా ప్రయత్నం.

నదిని కొలవడం ఒకరి పని, నది గురించి నిర్ణయించడం మరొకరి పని అన్న ఏర్పాటుకు మనం అలవాటు పడిపోయాం. కొలిచేవారు అంకెలిచ్చి పక్కకు తప్పుకుంటారు. నిర్ణయించేవారు ఆ అంకెల్లో తమకు పనికొచ్చేది తీసుకుంటారు. లియోపోల్డ్ ఈ ఏర్పాటును ఒప్పుకోలేదు. కొలత ఏం చెబుతోందో కొలిచినవారే ప్రజల ముందు నిలబడి చెప్పాలి. అలా చెప్పదలచుకున్నవారు ముందు ఓపికగా కొలిచి ఉండాలి. ఆయన జీవితం నుంచి నేను గ్రహించింది ఇదే.

1. చినుకు తీరు

లూనా లియోపోల్డ్ 1915 అక్టోబరు 8న అమెరికాలోని న్యూ మెక్సికోలో, రియో గ్రాండే ఒడ్డునున్న ఆల్బుకర్కీ పట్టణంలో పుట్టారు. తండ్రి ఆల్డో లియోపోల్డ్ అప్పట్లో అటవీశాఖ ఉద్యోగి, తర్వాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 1948లో తండ్రి హఠాత్తుగా పోయేనాటికి 'ఎ శాండ్ కౌంటీ అల్మనాక్' ఇంకా అచ్చు కాలేదు. దాన్ని 1949లో పుస్తకంగా వెలువరించే బాధ్యత లూనా నెత్తిన వేసుకున్నారు. నేల మీద మనిషికి హక్కే కాదు, ధర్మం కూడా ఉందని చెప్పిన పుస్తకం అది. కొడుకు ఆ ధర్మాన్ని కొలతబద్ద పట్టుకుని వెతికారు.

1936లో విస్కాన్సిన్‌లో సివిల్ ఇంజనీరింగ్ పట్టా, ఆపైన న్యూ మెక్సికోలో భూసంరక్షణ శాఖ ఉద్యోగం, యుద్ధకాలంలో సైన్యం తరఫున వాతావరణ విభాగంలో పని, 1950లో హార్వర్డ్ నుంచి భూగర్భశాస్త్రంలో డాక్టరేటు. నేలకు, నీటికి, ఆకాశానికి సంబంధించిన మూడు చదువులు ఒక్కచోట చేరాయి.

ఆ కలయిక విలువ ఆయన తొలి పరిశోధనల్లోనే తెలిసింది. న్యూ మెక్సికో ఎండు వాగులు పంతొమ్మిదో శతాబ్దం చివర ఉన్నట్టుండి లోతుగా, నిట్టనిలువు గట్లతో కోసుకుపోయాయి. పశువులు గడ్డిని మితిమీరి మేయడం వల్లనే అని కొందరు, వాతావరణం మారిందని ఇంకొందరు వాదించుకుంటున్నారు. సాంవత్సరిక వర్షపాతం చూస్తే చెప్పుకోదగ్గ మార్పు లేదు. లియోపోల్డ్ మొత్తాలు చూడడం మాని, 1850ల నుంచి రోజువారీ నమోదైన వానలను చినుకు చినుకుగా పరిశీలించారు. తొలి దశాబ్దాల్లో చిన్న వానలు తక్కువగా, పెద్ద వానలు ఎక్కువగా పడ్డాయని 1951లో చూపించారు. గడ్డి బతికేది చిన్న వానల మీద. నేలను కోసేది పెద్ద వాన. గడ్డి పలచబడిన నేల మీద జడివాన పడితే వాగు లోతుకు దిగుతుంది. పశువుల పాత్రను ఆయన కొట్టిపారేయలేదు. ఏడాది మొత్తాల్లో కనబడని మరో కారణాన్ని చూపించారు. ఏడాది మొత్తంలో తేడా లేకపోయినా వాన తీరు మారితే పంట ఏమవుతుందో అనంతపురం రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ అనుభవాన్నే లియోపోల్డ్ లెక్కగా రుజువు చేశారు.

2. ఫైళ్లలో పడి ఉన్న నది

1950లో ఆయన అమెరికా జియలాజికల్ సర్వేలో చేరారు. ఆ సంస్థ 1889లో రియో గ్రాండే మీద ఎంబుడో దగ్గర తొలి ప్రవాహమాపక కేంద్రం నెలకొల్పింది. అప్పటి నుంచి దేశమంతటా వేలాది కొలతలు పోగుపడ్డాయి. సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పోతోందో తెలుసుకోవాలంటే ఆ చోట ఏటి వెడల్పు, లోతు, నీటి వేగం కొలవాలి. ప్రవాహం లెక్క తేలాక ఆ మూడు అంకెలతో ఎవరికీ పని లేదు. అవి ఫైళ్లలో ఉండిపోయేవి.

లియోపోల్డ్, థామస్ మాడక్‌తో కలిసి ఆ ఫైళ్లు తెరిచారు. 1953లో వచ్చిన వారి నివేదిక నదీ శాస్త్రాన్ని మలుపు తిప్పింది. ఒకేచోట నిలబడి చూస్తే, ప్రవాహం పదింతలు పెరిగినప్పుడు వెడల్పు సుమారు 1.8 రెట్లు, లోతు 2.5 రెట్లు, వేగం 2.2 రెట్లు పెరుగుతాయి. మూడింటినీ గుణిస్తే మళ్లీ పదే. అదే ఏటి వెంట దిగువకు నడిస్తే లెక్క మారుతుంది: ప్రవాహం పదింతలయ్యేసరికి వెడల్పు మూడు రెట్లు దాటుతుంది, లోతు 2.5 రెట్లవుతుంది, వేగం పావు వంతు పెరుగుతుంది. కొండల్లో ఉరకలేసే ఏరు మైదానంలోకి వచ్చి మందగిస్తుందని అందరూ అనుకునేవారు. సగటు వేగం దిగువకు తగ్గదు, కాస్త పెరుగుతుందని ఆ కొలతలు తేల్చాయి.

ఈ శాస్త్రంలో మన దేశపు వాటా కూడా ఉంది. పంజాబ్‌లోని అప్పర్ బారి దోఆబ్ కాలువ మీద 1895లో కెన్నెడీ, తర్వాత 1930లో జెరాల్డ్ లేసీ చేసిన పరిశీలనలు ఇలాంటివే. ఒండ్రు నేలలో తవ్విన కాలువ పూడకుండా, కోసుకోకుండా నిలవాలంటే దాని వెడల్పు ప్రవాహపు వర్గమూలాన్ని అనుసరించాలని లేసీ చెప్పారు. మన ఇంజనీర్లు ఈరోజుకీ వంతెనకు ఎంత దారి వదలాలో, పునాది ఎంత లోతుకు దించాలో లేసీ సూత్రంతోనే లెక్క కడతారు. మనిషి తవ్విన కాలువల్లో లేసీ చూసిన ఆ వర్గమూలమే, ఎవరూ తవ్వని అమెరికా నదుల్లో దిగువకు పోయేకొద్దీ లియోపోల్డ్‌కు కనబడింది. నది తన నీటికి, తాను మోసే మట్టికి తగినట్టు తన కాలువను తానే కట్టుకుంటుంది. మనం ఆ రెంటిలో ఏది మార్చినా అది కాలువను మళ్లీ కట్టుకోవడం మొదలుపెడుతుంది.

3. ఒడ్డులు ఒరుసుకుని

ఆ తర్వాతి పదేళ్లు గొప్ప ఫలసాయం ఇచ్చిన కాలం. గోర్డన్ వోల్మన్, వాల్టర్ లాంగ్‌బీన్, జాన్ మిల్లర్ వంటి సహచరులు తోడయ్యారు. నది ఎందుకు మెలికలు తిరుగుతుంది? ఆ మెలికల పొడవు ఏటి వెడల్పుకు సుమారు పదకొండు రెట్లు ఉంటుందని, వంపు వ్యాసార్ధం వెడల్పుకు రెండు మూడు రెట్ల మధ్య ఉంటుందని, చిన్న వాగుకైనా మహానదికైనా ఈ నిష్పత్తి ఇంచుమించు ఒక్కటేనని లియోపోల్డ్, వోల్మన్ చూపించారు. 1964లో వోల్మన్, మిల్లర్‌లతో కలిసి రాసిన 'ఫ్లూవియల్ ప్రాసెసెస్ ఇన్ జియోమార్ఫాలజీ' నేటికీ ఈ రంగంలో మూలగ్రంథం.

ప్రభుత్వ విధానానికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది మరో ఫలితం. ఏటి కాలువను మలిచేది నూరేళ్లకొకసారి వచ్చే ప్రళయం కాదు, ఒడ్డులు ఒరుసుకుంటూ పారే మామూలు పోటే. వారు చూసిన నదుల్లో అలాంటి పోటు సగటున ఏడాదిన్నరకో రెండేళ్లకో ఒకసారి వస్తోంది. అంటే అంతకు మించిన నీరు వచ్చిన ప్రతిసారీ ఒడ్డు దాటి పక్కనున్న చదును నేల మీదికి పోవడం నదికి సహజం. ఆ చదునును కట్టింది నదే. వరద పరచుకోవడానికున్న ఆ నేల నదిలో భాగమే. 'నది గట్టు దాటింది' అని మనం వార్తల్లో రాసుకుంటాం. లియోపోల్డ్ కొలతల ప్రకారం నది తన ఇంట్లోనే ఇంకో గదిలోకి వెళ్లింది.

4. ఒక వాగు పక్కన ఇరవై ఏళ్లు

1950ల రెండో సగంలో ఆయన జియలాజికల్ సర్వేలో నీటి విభాగానికి అధిపతి అయ్యారు. 1966 వరకు ఆ బాధ్యతలో ఉన్నారు. అప్పటిదాకా ఎక్కువగా కొలతలు తీసి అచ్చువేసే పనిలో ఉన్న విభాగాన్ని పరిశోధన సంస్థగా మలిచారు. మనుషుల చేయి పడని పరీవాహక ప్రాంతాలను ఎంచుకుని శాశ్వతంగా కొలుస్తూ పోవాలని 1962లో ప్రతిపాదించారు. పెద్ద ఖర్చు లేకుండా చిన్న వాగుల అడ్డుకోతలను (క్రాస్ సెక్షన్లను), ఒడ్డులను, వాలులను ఏళ్ల తరబడి ఎవరైనా కొలిచేందుకు 'విజిల్ నెట్‌వర్క్' అనే ఏర్పాటు చేశారు. దాని నియమాలు సరళమైనవి: చోటును గుర్తుపట్టేలా శాశ్వత గుర్తులు పాతాలి, అదే పద్ధతిలో మళ్లీ మళ్లీ కొలవాలి, లెక్కలు అందరికీ అందేలా దాచాలి.

తాను చెప్పింది తాను చేశారు. మేరీలాండ్‌లో వాట్స్ బ్రాంచ్ అనే చిన్న వాగు ఉంది. 1950ల మొదట్లో దాని అడ్డుకోతలు కొలవడం మొదలుపెట్టి సుమారు ఇరవై ఏళ్లు కొనసాగించారు. ఈలోగా ఎగువన పొలాలు ఇళ్ల స్థలాలయ్యాయి. తవ్వి వదిలిన నేల నుంచి మట్టి కొట్టుకొచ్చింది. రోడ్లు, పైకప్పుల మీది నీరు ఇంకకుండా నేరుగా వాగులోకి వచ్చింది. మేట పడి వాగు ఇరుకైంది, ఒడ్డు దాటే పోట్లు ఎక్కువయ్యాయి. 1972లో అమెరికా జియలాజికల్ సొసైటీ అధ్యక్షుడిగా పదవి దిగిపోతూ ఇవ్వాల్సిన ప్రసంగానికి ఆయన ఎంచుకున్న విషయం ఈ చిన్న వాగే. అంత పెద్ద వేదిక మీద పెద్ద సిద్ధాంతం చెప్పవచ్చు. ఆయన ఒక వాగు ఇరవై ఏళ్ల చరిత్ర చెప్పారు. శాస్త్రవేత్త వినయం అంటే ఏమిటో నాకు ఆ ఎంపికలో కనిపిస్తుంది.

నగరం పెరిగితే పోటు ఎత్తు, మొత్తం నీరు, నీటి నాణ్యత, ఏటి అందం – ఈ నాలుగూ మారతాయని, ఎంత మారతాయో లెక్కకట్టవచ్చని 1968లో పట్టణ ప్రణాళికలు వేసేవారి కోసం ఒక చిన్న పుస్తకం రాశారు. సమీకరణాల భాషలో కాక, పురపాలక అధికారికి అర్థమయ్యే భాషలో రాశారు.

5. విమానాశ్రయం ఆగిన సంగతి

1968లో ఫ్లోరిడాలో, ఎవర్‌గ్లేడ్స్ జాతీయ పార్కుకు ఎగువనున్న బిగ్ సైప్రస్ చిత్తడిలో 39 చదరపు మైళ్ల బ్రహ్మాండమైన విమానాశ్రయానికి పని మొదలైంది. ఎవర్‌గ్లేడ్స్ అంటే గడ్డి మధ్య పలచటి పొరలా దక్షిణానికి నెమ్మదిగా జారే నీరు. ఆ నీటి దారిలో అడ్డంగా నగరం లేస్తే ఏమవుతుందో చెప్పమని కేంద్ర ప్రభుత్వం లియోపోల్డ్ నాయకత్వంలో ఒక బృందాన్ని అడిగింది.

1969 సెప్టెంబరులో నివేదిక వచ్చింది. విమానాశ్రయం ఒక్కటే రాదు. దాని వెంట రోడ్లు, పరిశ్రమలు, ఇళ్లు, వాటి కోసం నీటిని తోడే కాలువలు వస్తాయి. అవి దక్షిణ ఫ్లోరిడా జీవావరణాన్ని, దానితో పార్కును నాశనం చేసి తీరుతాయి అని తేల్చి చెప్పింది. 'కావచ్చు', 'పరిశీలించవలసి ఉంది' అన్న మాటల వెనుక దాక్కోలేదు. 1970 జనవరిలో ఒప్పందం కుదిరి పని ఆగింది. శిక్షణ కోసం వేసిన ఒక్క రన్‌వే మాత్రం మిగిలింది. 1974లో బిగ్ సైప్రస్ జాతీయ రక్షిత ప్రాంతమైంది.

విమానాశ్రయం పని ఆగిన ఆ 1970 జనవరిలోనే, మొదటి తేదీన, అమెరికాలో జాతీయ పర్యావరణ విధాన చట్టం మీద సంతకం పడింది. ప్రాజెక్టుల ప్రభావం ముందే మదింపు చేయాలని చట్టం చెప్పింది కానీ ఎలా చేయాలో ఎవరికీ తెలియదు. దానికి జవాబుగా లియోపోల్డ్, ఆయన సహచరులు 1971లో మన విద్యార్థులు చదివే ఆ పట్టికను తయారుచేశారు. అడ్డంగా 100 రకాల పనులు, నిలువుగా 88 పర్యావరణ లక్షణాలు. మొత్తం 8,800 గళ్లు. ప్రతి గడినీ ఒక ఏటవాలు గీత రెండుగా చీలుస్తుంది. పై సగంలో ప్రభావం ఎంత పెద్దదో ఒక అంకె, కింది సగంలో అది ఎంత ముఖ్యమో ఇంకో అంకె.

విద్యార్థులు ఇక్కడ కాస్త ఆగాలని నా మనవి. ఆ ఏటవాలు గీతే ఈ పట్టికకు ప్రాణం. ప్రభావం ఎంత పెద్దదన్నది కొలిచి చెప్పవలసిన వాస్తవం. ఎంత ముఖ్యమన్నది మనిషి విలువల్ని బట్టి ఇచ్చే తీర్పు. వాస్తవం పేరు చెప్పి తీర్పును దాచకూడదు, తీర్పు కోసం వాస్తవాన్ని వంచకూడదు. రెండూ పక్కపక్కన, అందరికీ కనబడేలా రాయాలి. భారతదేశంలో 1994లో పర్యావరణ ప్రభావ మదింపు తప్పనిసరి అయింది. పట్టిక మనకు అందింది. ఆ గీత వెనుకనున్న నిజాయతీ అంతగా అందలేదన్నది నా బాధ.

1972 నుంచి 1986 వరకు ఆయన బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. 1977లో కాలిఫోర్నియా తీవ్రమైన కరువులో ఉన్నప్పుడు, ఆ రాష్ట్ర గవర్నర్ ఏర్పాటు చేసిన సదస్సులో నదుల పట్ల భక్తి గురించి మాట్లాడారు. లెక్కల మనిషి భక్తి అన్న మాటెత్తితే కొందరికి ఆశ్చర్యం కలిగి ఉంటుంది. పాతికేళ్లు కొలిచాకనే ఆయన ఆ మాట అన్నారు కనుక దానికి బరువుంది. 1991లో జాతీయ విజ్ఞాన పతకం లభించింది. 2006 ఫిబ్రవరి 23న, తొంభయ్యో ఏట కన్నుమూశారు.

6. మన నదుల దగ్గర

లియోపోల్డ్ అంకెలను తెచ్చి కృష్ణా, గోదావరులకు అతికించమని నేను అనను. ఏడాదిన్నరకొక పోటు అన్న లెక్క ఆయన చూసిన నదులది. ఏడాది నీరంతా నాలుగు నెలల్లో వచ్చే రుతుపవన నదుల సంగతి వేరు. నర్మద, తపతి నదుల మీద విశ్వాస్ కాలే, ఆయన సహచరులు చేసిన పరిశోధనలు అరుదైన మహావరదలే అక్కడి ఏటి గర్భాన్ని ఎక్కువగా మలుస్తాయని చూపించాయి. లియోపోల్డ్ నుంచి తీసుకోవలసింది పద్ధతి. మన నదిని మనమే కొలవాలి.

ఏం కొలుస్తున్నాం మనం? కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం విశ్వసనీయతతో 2,060 టీఎంసీలని లెక్కకట్టి మూడు రాష్ట్రాలకు పంచింది. అర్ధ శతాబ్దంగా మన వాదాలన్నీ ఆ టీఎంసీల చుట్టూనే తిరుగుతున్నాయి. ఆ పంపకంలో ఒండ్రు లేదు, ఇసుక లేదు. కానీ నది మోసేది నీటిని మాత్రమే కాదు కదా. తుంగభద్ర జలాశయం కట్టినప్పుడు సామర్థ్యం సుమారు 133 టీఎంసీలు. పూడిక వల్ల అది 106 టీఎంసీల దగ్గరకు పడిపోయింది. రాయలసీమ కాలువలకు అందని నీటిలో ఆ పూడిక వాటా ఉంది. జలాశయాల్లో ఆగిపోయిన ఒండ్రు సముద్రపు ఒడ్డుకు చేరదు. ఆనకట్టల్లో చిక్కిన ఒండ్రుకూ, కృష్ణా, గోదావరి డెల్టాల్లో వెనక్కి పోతున్న తీరానికీ ఉన్న సంబంధాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించారు. పంపకంలో చోటు దక్కని ఒండ్రు ఎగువన జలాశయాన్ని పూడుస్తోంది, దిగువన తీరాన్ని పోగొడుతోంది.

ఒడ్డు పక్క చదును నేల సంగతి కూడా మనకు అనుభవమే. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాదును ముంచింది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలు నగరంలోకి వచ్చాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను రోజుల తరబడి నీళ్లలో ఉంచింది. ప్రతిసారీ సాయం చేసే చేతులకు మన దగ్గర కొదవ లేదు. నీళ్లు తీసిన తర్వాత ఏటి గర్భం ఎంత మారిందో, ఎక్కడ మేట పడిందో, ఎక్కడ కోసుకుందో కొలిచి పటం మీద గీసి ఊరి గోడకు అంటించే పని మాత్రం మిగిలిపోతోంది. ఆ పటం లేనిచోట ఆక్రమణ ఎవరిదన్న గొడవ తప్ప నది ఎక్కడిదాకా అన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

అందుకే ఒక ప్రతిపాదనతో ముగిస్తాను. తెలుగు రాష్ట్రాల్లో చాలా ఇంజనీరింగ్, డిగ్రీ కళాశాలలకు దగ్గరలో ఏదో ఒక వాగు ఉంటుంది. ప్రతి కళాశాలా తనకు దగ్గరలోని ఒక వాగును ఎంచుకోవాలి. నాలుగైదు చోట్ల సిమెంటు గుర్తులు పాతాలి. ఏటా వానాకాలం ముందు ఒకసారి, వెళ్లాక ఒకసారి సర్వే విద్యార్థులు అడ్డుకోత తీయాలి, ఏటి గర్భంలోని రాళ్ల, ఇసుక పరిమాణం కొలవాలి, అంచున పెరిగిన కట్టడాలను నమోదు చేయాలి. లెక్కలన్నీ తెలుగులో, అందరికీ కనబడేలా ఉంచాలి. దీనికి ఆటోలెవెల్, టేపు, అధ్యాపకుల ఓపిక చాలు. పదేళ్లు గడిస్తే మనకు వందల వాగుల చరిత్ర ఉంటుంది. ఇంకో పదేళ్లకు, ఏదైనా పెద్ద నిర్ణయం ముందుకొచ్చిన రోజున, మీలో ఒకరు ఆ లెక్కలు చేతబట్టుకుని సభలోనో కోర్టులోనో నిలబడి 'ఇది నేను కొలిచాను, దీని అర్థం ఇది' అని చెప్పగలుగుతారు.

లియోపోల్డ్‌కు విగ్రహాలు అక్కరలేదు. ఆయన పేరు మీద మనం చేయగలిగిన మంచి పని వచ్చే జూన్‌లోపు తొలి గుర్తు పాతడం. దానికి ఎవరు ముందుకొస్తారో ఈ సభ ముగిసేలోపు చెప్పండి. స్థలం ఎంచడానికి, తొలి కొలత తీయడానికి మీతో పాటు నేనూ వాగులో దిగుతాను.